విడిపోయిన భర్త ఐపీ పెడితే ఉమ్మడి ఇల్లు ఏమవుతుంది?

ఖులా అయింది, ఇద్దత్ కూడా ముగిసింది. పిల్లలతో ఆమె పాత ఫ్లాట్‌లోనే ఉంటోంది. కొన్నాళ్లకు కోర్టు నోటీసు వచ్చింది. మాజీ భర్త అప్పులు తీర్చలేక ఐపీ పెట్టాడట. ఫ్లాట్ మాత్రం ఇంకా ఇద్దరి పేర్ల మీదే ఉంది. మరి ఇల్లు మొత్తం పోతుందా?

మొత్తం పోదు. కానీ ఆయన వాటా పోయే ప్రమాదం ఉంది. తలాక్, ఖులా వల్ల నికాహ్ తెగుతుంది గానీ సేల్ డీడ్‌లో పేర్లు వాటంతట అవి మారవు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మామూలు వ్యక్తుల ఐపీ కేసులు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద నడుస్తాయి. కోర్టు దివాలా ప్రకటిస్తే ఆయన ఆస్తి కోర్టు చేతికో, రిసీవర్ చేతికో వెళ్తుంది. అందులో ఫ్లాట్‌లో ఆయన వాటా కూడా ఉంటుంది. ఆమె వాటా జోలికి రాకూడదు. డీడ్‌లో వాటాలు రాయకపోతే ఎవరెంత డబ్బు పెట్టారో చూస్తారు. ఆధారం లేకపోతే చెరి సగం అనుకుంటారు. అందుకే ఆమె కట్టిన డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోవాలి.

ఫ్లాట్‌ను గోడ కట్టి పంచలేరు కదా. విషయం పార్టిషన్ దావా దాకా వెళ్లి అవతలివాళ్లు అమ్మకం అడిగితే, కోర్టు కట్టిన ధరకు ఆ వాటా తానే కొంటానని ఆమె అడగొచ్చు. 1893 నాటి పార్టిషన్ చట్టం ఆ అవకాశం ఇస్తోంది.

హోమ్ లోన్ మీద ఇద్దరూ సంతకం చేసి ఉంటే సంగతి వేరు. ఆయన ఐపీ పెట్టినా బ్యాంకు బాకీ మొత్తం ఆమెను అడగొచ్చు, తాకట్టు ఉన్న ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు.

"మహర్ కింద నా వాటా నీకే" అని నోటితో అంటే సరిపోదు. మహర్‌కు బదులుగా ఇల్లు రాస్తే అది అమ్మకం లాంటిదే, రిజిస్టర్ చేయించాలి. ప్రతిఫలం లేకుండా ఊరికే రాసిచ్చి, రెండేళ్లలోపు ఐపీ పిటిషన్ పడితే కోర్టు ఆ దస్తావేజును రద్దు చేయొచ్చు. కాబట్టి విడిపోయిన వెంటనే, అప్పుల గొడవ మొదలవకముందే పేరు మార్పించుకోవడం మంచిది.

నోటీసు వస్తే పక్కన పడేయొద్దు. సేల్ డీడ్, నికాహ్‌నామా, ఖులా కాగితాలతో వకీలును కలవాలి. మహర్ బాకీ ఉంటే అదీ అప్పే, కోర్టులో క్లెయిమ్ చేసుకోవచ్చు. ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. ఆదాయం ఎంతైనా మహిళలకు అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.