అరుగని ఆహారము

తల్లిపాలలో పాలచక్కెర, కొవ్వు తరువాత అధికముగా నుండు ఘనపదార్థము శిశువునకు అరుగనిదే యని చెప్పిన వినువారికి వింతగా తోచును. లీటరు ముర్రుపాలలో సుమారు 20 గ్రాములును, పిదపటి పాలలో 5 మొదలు 15 గ్రాముల వరకును ఉండు ఈ ఒలిగోశాకరైడ్లు అను శర్కరలను ఛేదించు ఎంజైములు పసిబిడ్డ ప్రేగులలో లేవు. వానిని ఆరగించునవి బిడ్డ పెద్దప్రేగులో కాపురముండు బిఫిడో బాక్టీరియములు. పాలు త్రాగు శిశువుల మలమునందు పంగలకర్ర వలె చీలియుండు ఈ సూక్ష్మజీవులను పారిస్ నగరపు పాశ్చర్ సంస్థలో హెన్రీ టిస్సియే అను వైద్యుడు 1900 నాటికే గుర్తించి వర్ణించెను. అవి ఆ శర్కరలను పులియజేసి ఆమ్లములను పుట్టింపగా, రోగకారక క్రిములకు ప్రేగులో నిలదొక్కుకొనుట కష్టమగును. ముర్రుపాలు పచ్చగా, జిగటగా నున్నవని పిండి పారబోయు ఆచారము కొన్ని యిండ్లలో ఇంకను పోలేదు. బిడ్డ తొలివిందును నేలపాలు చేయుట కాక అది మరేమి?

ఇట్లు మనకరుగక, మన ప్రేగులలోని మేలైన సూక్ష్మజీవులను పోషించు పదార్థమునకు 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అను శాస్త్రజ్ఞులు ప్రీబయాటిక్ అని పేరిడిరి. అన్నప్రాశన పిమ్మట పప్పు, కూరలతోడి పీచు చేరగా, ప్రేగులలోని జీవసమాజము క్రొత్త జాతులతో విస్తరిల్లి, మూడేండ్ల ప్రాయమునకు ఇంచుమించు పెద్దలదానిని పోలివచ్చును. ఎదుగు వయసున ఇనులిన్ వంటి పీచు కాల్షియము వంటబట్టుటకు తోడ్పడునని కొన్ని పరీక్షలలో తేలినది.

ఉల్లి, వెల్లుల్లులలోని ఇనులిన్, కందులు, సెనగలలోని రాఫినోజ్, స్టాకియోజ్, వండి చల్లార్చిన అన్నమున అరుగనిదిగా మారిన పిండిపదార్థము, ఇవన్నియు పెద్దప్రేగులో పులిసి బ్యూటిరేట్ మొదలగు చిన్న కొవ్వామ్లములగును. ఆ ప్రేగు లోపొరలోని కణములకు ప్రధానమైన ఇంధనము ఈ బ్యూటిరేటే. చద్దన్నమును చులకన చేయువారు ఈ సంగతి నెరుగవలెను. అయితే చల్లారుటచే అట్లు మారునది స్వల్పభాగమే గనుక, దానినొక దివ్యౌషధముగా పొగడుటయు తగదు.

వార్ధక్యమున బిఫిడో జాతులు సాధారణముగా తగ్గును, ప్రేగుల కదలిక మందగించును. పండ్లూడిన పిదప సెనగలు, గోరుచిక్కుడు విస్తరినుండి తొలగి, మెత్తని అన్నము, మజ్జిగ మాత్రమే మిగులును. పీచు మిక్కిలి అవసరమైన ప్రాయముననే అది కరవగుచున్నది. కావున ఇంట వృద్ధులున్నవారు తోటకూరపప్పును మెత్తగా నుడికించి పెట్టుడు. వైద్యుడు పరిమితి విధింపనిచో నీళ్ళు దండిగా త్రాగింపుడు. పీచును మాత్రము కొంచెము కొంచెముగనే పెంచుడు, ఒక్కమారుగా పెంచినచో కడుపుబ్బరము తప్పదు.