బిల్లు ఆగకూడదు... వైరస్ రాకూడదు!

నర్సీపట్నంలో ఓ ఆఫీసు అనుకోండి. నెలాఖరు. గుమాస్తాగారు జీతాల బిల్లు చేయాలి. బేసిక్ కొట్టి ఓ బటన్ నొక్కితే డీఏ, హెచ్ఆర్ఏ, కోతలు... అన్నీ వేసి బిల్లు తయారుచేసే ఎక్సెల్ ఫైలు ఉంది. సరిగ్గా అప్పుడే 'కొత్త డీఏ ఉత్తర్వులు' అంటూ మెయిల్లో ఇంకో ఫైలొచ్చింది. తెరిస్తే 'ఎనేబుల్ కంటెంట్' నొక్కమంటోంది. నొక్కొచ్చా?

ఆ బిల్లును చకచకా చేసిపెట్టేది మాక్రో. అంటే ఫైల్లోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామ్. చిక్కేమిటంటే, దొంగలు వాడేదీ దాన్నే! 1995లోనే 'కాన్సెప్ట్' వైరస్ వర్డ్ ఫైళ్లలో పాకింది. 1999లో వచ్చిన 'మెలిసా' అయితే, ఫైలు తెరిచినవారి అడ్రస్ బుక్‌లోని మొదటి 50 మందికి తనంతట తానే మెయిళ్లు పంపేసింది. 2020లో కరోనా సూచనల పేరుతో, మన ప్రభుత్వం పంపినట్టుగా ఓ మాయదారి ఎక్సెల్ ఫైలు తిరిగింది.

అలాగని మాక్రోలన్నీ ఆపేస్తే? బిల్లు ఆగుతుంది. విసిగిపోయి ఎవరో ఒకరు తలుపులన్నీ బార్లా తెరిచేస్తారు. అది మరీ ప్రమాదం. అందుకే అన్నిటినీ ఆపడం కాదు, మనదేదో పరాయిదేదో తేల్చుకోవాలి.

ఏం చేయాలి?

* ఫైలు పేరు చివర చూడండి. 'ఎక్స్ఎల్ఎస్ఎక్స్', 'డాక్స్' ఫైళ్లలో మాక్రోలు దాచలేరు. 'ఎక్స్ఎల్ఎస్ఎమ్', 'డాక్ఎమ్', పాతకాలపు 'డాక్', 'ఎక్స్ఎల్ఎస్' అయితే జాగ్రత్త.

* 'ట్రస్ట్ సెంటర్'లోని 'ట్రస్టెడ్ లొకేషన్స్'లో ఒక ఫోల్డర్ చేర్చి, ఆఫీసు సొంత ఫైలు అందులో పెట్టుకోండి. అక్కడి మాక్రోలు అడ్డులేకుండా పనిచేస్తాయి. కాబట్టి పరీక్షించని ఫైలు అందులో పెట్టొద్దు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని అసలు చేర్చొద్దు.

* పెద్ద ఆఫీసులైతే డిజిటల్ సంతకం ఉన్న మాక్రోలనే అనుమతించొచ్చు.

* ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్టే ఆపేస్తోంది. ఎర్రపట్టీ కనిపిస్తే 'అన్‌బ్లాక్' చేయకండి. పంపినవారికి ముందు ఫోన్ చేయండి. ఆ నంబరు మెయిల్లోది కాకుండా మీ దగ్గరున్నదై ఉండాలి.

* పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫైలుకు ఆ 'ఇంటర్నెట్ గుర్తు' చాలాసార్లు ఉండదు. ఎర్రపట్టీ రాలేదని ధీమా వద్దు.

పొరపాటున నొక్కేశారా? వెంటనే నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆపి, కంప్యూటర్లు చూసుకునేవారికి చెప్పండి. తిడతారేమోనని దాచిపెడితే పక్క కంప్యూటర్లకూ ముప్పే. ముఖ్యమైన ఫైళ్ల నకలు విడిగా ఓ డిస్కులో ఉంటే, ఏం జరిగినా జీతాల బిల్లు వేళకి వెళ్తుంది.