అనాథ బిడ్డ పళ్ళెం
(హెచ్.ఐ.వి. సోకిన యతీముల పట్ల మన బాధ్యత)



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారిపై దరూద్ పంపి, ఈ జుమా ప్రసంగాన్ని మదీనా నగరంలో జరిగిన ఒక సంఘటనతో ప్రారంభిస్తున్నాను.

అనాథల ఆస్తిని అన్యాయంగా కాజేసేవారిని గురించి దివ్య ఖుర్ఆన్‌లో కఠినమైన హెచ్చరికలు అవతరించినప్పుడు సహచరులు (రజి) వణికిపోయారు. అప్పట్లో అనేక ఇళ్ళలో యతీములు పెరుగుతూ ఉండేవారు. పొరపాటున వారి సొత్తులోని ఒక్క ముద్ద తమ నోట్లోకి పోతుందేమోనన్న భయంతో, సాకుతున్నవారు వారి తిండిని, తాగే నీటిని సైతం వేరు చేశారు. యతీము తినగా మిగిలినదాన్ని ఇంట్లో మరెవరూ ముట్టేవారు కారు. అది ఆ బిడ్డ కోసమే దాచి ఉంచేవారు. ఒక్కోసారి అది చెడిపోయేది. ఈ ఇబ్బందిని వారు దైవప్రవక్త (స) సన్నిధిలో విన్నవించుకున్నారు. అప్పుడు అల్ బఖరా సూరాలోని 220వ ఆయతు అవతరించిందని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించగా, అబూ దావూద్ తమ హదీసు గ్రంథంలో పొందుపరచారు. వారి మేలు చూడాలనీ, కలిసి బతకడంలో తప్పు లేదనీ, వారు మీ సోదరులేననీ ఆ ఆయతు సారాంశం.

గమనించండి. సహచరులు అల్లాహ్‌కు భయపడి పళ్ళెం వేరు చేశారు. అయినప్పటికీ ఆ వేరును అల్లాహ్ ఉంచనివ్వలేదు. నేడు మన ఇళ్ళలో కూడా ఒక యతీము పళ్ళెం వేరుగా ఉంటున్నది. అయితే అది ఆ బిడ్డకు భయపడి వేరు చేసిన పళ్ళెం.

కొన్నేళ్ళ క్రితం మన ప్రాంతంలోనే ఒక వలీమాకు వెళ్ళాను. పదేళ్ళ బాలుడొకడు నానీమాతో వచ్చాడు. తల్లిదండ్రులిద్దరూ లేరు. దస్తర్‌ఖాన్ మీద అందరికీ పింగాణీ పళ్ళేలు పెట్టారు. అతని ముందు విస్తరాకు, పక్కన కాగితపు గ్లాసు పెట్టారు. భోజనం కాగానే ఆ బాలుడు ఎవరూ చెప్పకుండానే విస్తరి మడిచి, గ్లాసును అందులో చుట్టి, బయటికి తీసుకుపోయి పారవేసి వచ్చాడు. చెప్పించుకోకుండా చేశాడంటే అది అతనికి రోజూ ఉన్న అలవాటే అయి ఉండాలి. నేను చూశాను, విషయం అర్థమయింది, మౌనంగా లేచి వచ్చేశాను. మింబర్ మీద నిలబడి యతీముల హక్కులను గురించి ఎన్నోసార్లు మాట్లాడిన నాకు ఆనాడు దస్తర్‌ఖాన్ దగ్గర నోరు రాలేదు. ఈ ప్రసంగం ఆ మౌనానికి నేను తీర్చుకోవలసిన బాకీ.

సోదరులారా! హెచ్.ఐ.వి. ప్రధానంగా నాలుగు మార్గాల్లో సోకుతుంది: అది ఉన్న వ్యక్తితో రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషిత రక్తం ఎక్కించడం, శుద్ధి చేయని సూదులు, తల్లి నుంచి గర్భంలో గానీ ప్రసవ సమయంలో గానీ పాల ద్వారా గానీ బిడ్డకు చేరడం. ఒకే పళ్ళెంలో తింటే సోకదు. కౌగలించుకుంటే సోకదు. ఒకే హౌజ్‌లో వుజూ చేస్తే సోకదు. నమాజులో భుజం భుజం కలిపి నిలబడితే సోకదు. దోమకాటు వల్ల కూడా సోకదు. భారతదేశంలో ఈ వైరస్‌ను తొలిసారి 1986లో చెన్నైలో గుర్తించారు. అప్పటి నుంచి నేటి వరకు ఒక్క పళ్ళెం కూడా దాన్ని ఒకరి నుంచి మరొకరికి చేరవేయలేదు.

అంటువ్యాధి ఉన్న చోటికి దూరంగా ఉండమని ధర్మమే చెప్పింది కదా అని కొందరు అడుగుతారు. నిజమే. ప్లేగు ప్రబలిన ప్రాంతంలోకి ప్రవేశించవద్దని, అక్కడ ఉన్నవారు పారిపోవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. షామ్ దేశపు దారిలో ప్లేగు వార్త విన్న హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగారు. కాని ఆ జాగ్రత్త ఆ వ్యాధి వ్యాపించే తీరుకు తగినది. గాలి ద్వారానో, స్పర్శ ద్వారానో సోకని వ్యాధి ఉన్న బిడ్డకు ఆ ఆదేశాన్ని అంటగట్టడం హదీసును పాటించడం కాదు, హదీసును సాకుగా వాడుకోవడం.

ఇది ఎక్కడో దూరదేశపు సంగతి కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. వయోజనుల్లో దాని వ్యాప్తి జాతీయ స్థాయిలో 0.21 శాతం కాగా, మన తెలంగాణలో అందుకు రెండింతలకు పైగా ఉన్నది. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లాగా ఏర్పడిన ఈ నేల బతుకుదెరువు కోసం బిడ్డలను దూరం పంపిన నేల. దుబ్బాక మగ్గాల మీద పని తగ్గినప్పుడు భివండీకి పోయినవారున్నారు, గల్ఫ్‌కు పోయినవారున్నారు. గల్ఫ్ వీసా వైద్యపరీక్షలోనే మొదటిసారి తమ స్థితి తెలిసి, ప్రయాణం ఆగిపోయి, ఇంట్లో ఏమి చెప్పాలో తోచక తిరిగినవారూ ఉన్నారు. తండ్రి పోయాక, తల్లి కూడా పోయాక బిడ్డ చేరేది నానీమా ఇంటికో, పెద్దనాన్న ఇంటికో. ఆ తండ్రికి అది ఎలా వచ్చిందని అడిగేవారు ఆ ఇంటి గడపకు చాలామంది వస్తారు. ఆ లెక్క తీసుకునేవాడు అల్లాహ్. మనకు అప్పగించబడినది ఆ బిడ్డ మాత్రమే.

ఇక వైద్యం సంగతి. చాలామంది మనసుల్లో ఈ వ్యాధి 1990ల నాటి మరణశిక్షగానే మిగిలిపోయింది. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఎ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. 2006లో పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం వచ్చింది. 2017 నుంచి పరీక్షలో వ్యాధి తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు మొదలుపెడుతున్నారు. మందు వైరస్‌ను పూర్తిగా తొలగించదు, అణచి ఉంచుతుంది. రోజూ, వేళ తప్పకుండా, జీవితాంతం వాడినవారు చదువుకుంటారు, ఉద్యోగం చేస్తారు, వివాహం చేసుకుంటారు. రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉంటే లైంగికంగా మరొకరికి సోకదని వైద్యశాస్త్రం తేల్చింది. గర్భిణికి సకాలంలో మందు అందితే బిడ్డకు సోకే అవకాశం చాలా స్వల్పం.

కష్టమంతా ఆ ‘రోజూ’ అన్న మాటలో ఉన్నది. పెద్దవాడు తన మాత్ర తాను వేసుకుంటాడు. ఏడేళ్ళ యతీముకు ఎవరు గుర్తుచేస్తారు? బరువు పెరిగేకొద్దీ పిల్లల మోతాదు మారుతుంది. అందువల్ల ఎ.ఆర్.టి. కేంద్రానికి క్రమం తప్పకుండా తీసుకువెళ్ళాలి. నానీమాకు ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అవుతుంది. మాత్రలు మధ్యలో మానితే వైరస్ మందుకు లొంగకుండా పోతుంది. పదమూడు, పద్నాలుగేళ్ళ ప్రాయంలో పిల్లవాడు ‘నాకే ఎందుకు ఈ మాత్ర?’ అని ఎదురు తిరుగుతాడు. అప్పటిదాకా బలానికి వేసుకునే మాత్ర అని అబద్ధం చెప్పి ఉంటే ఆ రోజు నమ్మకమంతా కూలిపోతుంది. బడి వయసు వచ్చిన పిల్లలకు వారి గ్రహింపును బట్టి కొంచెం కొంచెంగా నిజం చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. రమజాన్‌లో ఉపవాసం విషయం డాక్టరు సలహాతో నిర్ణయించుకోవాలి. రోగికి సడలింపు ఇచ్చినది స్వయంగా అల్లాహ్. ఉపవాసం పేరుతో మాత్ర మానడం భక్తి అనిపించుకోదు.

అనాథాశ్రమానికి ఒక పూట భోజనం పెట్టించి రావడం మనకు తెలిసిన దానం. దాన్ని నేను తక్కువ చేయను. అయినవారెవరూ లేని బిడ్డకు ఆశ్రమమే ఇల్లు. అయితే నానీమా ఉన్న బిడ్డను, పిన్నమ్మ ఉన్న బిడ్డను కేవలం పేదరికం వల్లనో, చుట్టుపక్కలవారి చూపుల వల్లనో ఆశ్రమానికి పంపడం రెండోసారి అనాథను చేయడమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ‘బాలసహయోగ’ కార్యక్రమం ఈ కారణంగానే ఆశ్రమాన్ని గాక కుటుంబాన్ని కేంద్రంగా చేసుకున్నది. మన ధర్మంలోని ‘కఫాలా’ పద్ధతి కూడా అటువంటిదే. బిడ్డ తన తండ్రి పేరుతోనే ఉంటాడు, వంశం మారదు, పోషణ భారం మాత్రం మనం ఎత్తుకుంటాం. దైవప్రవక్త (స) వారి బాల్యమే ఇందుకు తార్కాణం. పుట్టకముందే తండ్రి పోయారు, ఆరేళ్ళ వయసులో తల్లి పోయారు, ఎనిమిదేళ్ళకు తాత పోయారు. ఆ తరువాత బంధువైన అబూ తాలిబ్ ఇల్లు, పెద్దగా సంపద లేని ఇల్లు, ఆయనను పెంచింది.

పోషణకు దారులు లేకపోలేదు. 2014 నవంబరులో మొదలైన ఆసరా పింఛన్లలో హెచ్.ఐ.వి. బాధితులు కూడా ఉన్నారు. వారికి ఇచ్చే వెయ్యి రూపాయలను 2019లో 2016 రూపాయలకు పెంచారు. కేంద్రం 2022లో ప్రకటించిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం, బంధువుల వద్ద పెరుగుతున్న నిరాధార బాలలకు నెలకు 4000 రూపాయల సహాయానికి వీలున్నది. దరఖాస్తు రాయడం రాని నానీమాకు ఆ కాగితం రాసిపెట్టడం కూడా సదఖాయే. జకాత్ విషయానికి వస్తే, యతీము అన్న పేరుతో గాక నిరుపేద అన్న వర్గంలో ఆ బిడ్డకు ఇవ్వవచ్చు. సొంత బిడ్డలకు, మనుమలకు జకాత్ చెల్లదు గాని, అన్న పిల్లలకు, అక్క పిల్లలకు చెల్లుతుంది. ఆ బిడ్డ ముస్లిమేతరుల ఇంటి బిడ్డ అయితే సదఖా ద్వారం తెరిచే ఉన్నది. అద్దహ్ర్ సూరాలో పేదవానికి, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టేవారిని అల్లాహ్ ప్రశంసించాడు. ఆ కాలపు ఖైదీలు విగ్రహారాధకులేనని వ్యాఖ్యాతలు వివరించారు.

ఇక ఆస్తి. ఖుర్ఆన్ యతీముల ప్రస్తావన తెచ్చిన చోట్ల చాలావరకు ఆస్తి ప్రస్తావన కూడా ఉన్నది. అన్నిసా సూరా తొలి ఆయతులు మంచి సొమ్ము తీసుకుని చెడ్డ సొమ్ము ఇవ్వడాన్ని, వారి సొత్తును తమ సొత్తులో కలిపి మింగడాన్ని నిషేధించాయి. బిడ్డకు వివేకం వచ్చాక సాక్షుల ముందు ఆస్తి అప్పగించమన్నాయి. నేడు ‘వాడు ఎన్నాళ్ళు బతుకుతాడు?’ అన్న ఒక్క మాటతో ఇంటి పట్టా, ఎకరం పొలం చేతులు మారుతున్నాయి. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. ఆ బిడ్డ ఆస్తి పత్రాలను భద్రపరచమని గానీ, ఆక్రమణ జరిగిందని గానీ బాలల సంక్షేమ కమిటీని ఆశ్రయించవచ్చు. బిడ్డ తానే వెళ్ళవచ్చు, బిడ్డ మేలు కోరే ఎవరైనా వెళ్ళవచ్చు. 1098కు ఫోన్ చేసినా సహాయం అందుతుంది. తల్లిదండ్రులు లేని ఇంట్లో పన్నెండేళ్ళు దాటి, తగిన పరిణతి ఉన్న అక్కనో అన్ననో చిన్నవారికి సంరక్షకులుగా కూడా ఆ చట్టం గుర్తిస్తుంది. బడిలో చేర్పించడం, వైద్యం, బ్యాంకు ఖాతా వంటి వాటికి ఆ సంతకం చెల్లుతుంది. పద్నాలుగేళ్ళ అక్క చేయగలిగిన పనిని నలభై ఏళ్ళ మేనమామలు తప్పించుకుంటున్నారంటే ఏమనాలి!

మరణించినవారి హక్కు కూడా చెప్పి తీరాలి. ఈ వ్యాధితో మరణించిన ముస్లిముకు గుస్ల్ ఇవ్వడం, కఫన్ తొడగడం, జనాజా నమాజు చదవడం మనందరిపై ఫర్జె కిఫాయా. చేతులకు తొడుగులు, ముందు ఒక ప్లాస్టిక్ ఏప్రాన్, నేల కడగడానికి బ్లీచింగ్ ద్రావణం ఉంటే చాలు. నిజానికి ప్రతి మృతదేహం విషయంలోనూ పాటించవలసిన జాగ్రత్తలే ఇవి. గుస్ల్ ఇచ్చేవారు దొరకక తల్లి శవం వాకిట్లో ఉండిపోతే, దాన్ని చూస్తూ కూర్చున్న బిడ్డ మన జమాఅత్‌ను గురించి ఏమనుకుంటాడు?

ఈ ప్రసంగాన్ని మస్జిదుల్లో చదివి వినిపించే ఇమాములకు, కమిటీ బాధ్యులకు ఒక్క మనవి. చందా కోసమైనా సరే ఆ బిడ్డను లేపి నిలబెట్టకండి. పేరు గానీ వీధి గానీ ప్రకటించకండి. ఒకరి హెచ్.ఐ.వి. స్థితిని వారి అనుమతి లేకుండా వెల్లడించడాన్ని చట్టం నిషేధించింది. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియనివ్వని దాతను దైవప్రవక్త (స) ఎంతగా మెచ్చుకున్నారో మనం ఎరుగుదుము. బియ్యం సంచి అందిస్తున్న ఫొటో పత్రిక జిల్లా పేజీలో వచ్చిన మరునాడు ఆ బిడ్డ బడికి ఎలా వెళ్ళాలి? ఇవ్వదలచినవారు ఇషా నమాజు తరువాత ఒక్కరే ఆ ఇంటికి వెళ్ళండి. నానీమా లోపలికి రమ్మంటే వెళ్ళి కూర్చోండి. ఆమె చాయ్ పోసి తెస్తుంది. ఆ ఇంటి గ్లాసులోనే, ఆ బిడ్డ పక్కనే కూర్చుని తాగి రండి.