పిల్లల చేతికి చిక్కిన డ్రాకులా

భయపడుతూనే, దుప్పటి సందులోంచి భూతాల సినిమా చూసే పిల్లలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. పెద్దయినా కొందరికి ఆ మోజు పోదు. ఎందుకంటారా? ఒక సినిమా సంగతి చెబుతాను, వినండి.

అమెరికాలో 1987 ఆగస్టులో 'మాన్‌స్టర్ స్క్వాడ్' విడుదలైంది. దర్శకుడు ఫ్రెడ్ డెక్కర్. డ్రాకులా, తోడేలు మనిషి, మమ్మీ, అంతా కూడబలుక్కుని ఒక ఊరి మీద పడతారు. షాన్ అనే కుర్రవాడి తండ్రి పోలీసు. అయినా మొదట నమ్మడు. తోడేలు మనిషి వెండి గుండుకే చస్తాడని తెలిసింది పిల్లలకే. బడిలో పనికిరాని ఆ చదువే ఊరిని కాపాడుతుంది. చిలుకను పట్టి మాయల ఫకీరును చంపిన మన బాలవర్ధిరాజు కూడా పిల్లవాడే కదా!

అసలు ఆకర్షణ ఇంకొకటుంది. ఆ వీధిలో ఒక ముసలి జర్మన్ ఉంటాడు. ఆయనంటే పిల్లలకు హడలు. జర్మన్ భాషలో ఉన్న పాత డైరీ చదివించుకోవడానికి తప్పనిసరై ఆయన గడప తొక్కుతారు. భూతాల సంగతి మీకు బాగానే తెలుసునని, వెళుతూ వెళుతూ ఒక కుర్రాడు మెచ్చుకుంటాడు. ఆయన తలుపు వేస్తుండగా, ముంజేతి మీద నాజీ నిర్బంధ శిబిరంలో పొడిచిన అంకెలు కనిపిస్తాయి. చిన్నప్పుడు వాటిని పట్టించుకోనివాడు, పెద్దయ్యాక చూసి ఉలిక్కిపడతాడు.

థియేటర్లలో చిత్రం దెబ్బతింది. అద్దె క్యాసెట్లు, టీవీ దాన్ని బతికించాయి. షాన్‌గా నటించిన ఆండ్రే గోవర్ 2018లో ఈ అభిమానుల మీదే డాక్యుమెంటరీ తీశాడు. సినిమాలోని కొన్ని వెక్కిరింతలు ఇవాళ చెవికి కటువే, ఒప్పుకోవాలి. కాని చివర, తమతో స్నేహం కలిపిన ఫ్రాంకెన్‌స్టైన్ భూతం సుడిగాలిలో కొట్టుకుపోతుంటే, షాన్ చిట్టిచెల్లెలు ఫీబీ తన బొమ్మను అతనికి విసిరి ఇచ్చేస్తుంది.