కనిగిరి కుర్రాడు, ఇటలీ కూలీలు, మన పక్క ఊరి ఫ్యాక్టరీ

అమెరికాలో తెలుగువాళ్లు అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? ముందు డాక్టర్లు, ఆ తర్వాత మా సాఫ్ట్‌వేర్ బ్యాచ్. కానీ 1912లోనే కనిగిరి నుంచి ఒక కుర్రాడు చదువుకోసం అమెరికా వెళ్లాడు. పేరు దరిశి చెంచయ్య. కనిగిరి అప్పట్లో మా గూడూరులాగే నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆయన ఆత్మకథ పేరు ‘నేనూ నా దేశం’.

ఆయన వెళ్లేసరికి అక్కడ పడమటి తీరంలో రంపపు మిల్లుల్లో, పొలాల్లో, రైలు పట్టాల మీద పంజాబీలు కూలి చేస్తున్నారు. 1907 సెప్టెంబరులో బెల్లింగ్‌హామ్ అనే ఊళ్లో తెల్లవాళ్ల గుంపు వాళ్ల బసల మీద పడి, కొట్టి, ఊరు దాటించింది. కారణం ఏం చెప్పారంటే, ‘వీళ్లు తక్కువ జీతానికి వచ్చి మా పని లాక్కుంటున్నారు’ అని. అప్పటి పెద్ద కార్మిక సమాఖ్య కూడా ఆసియా వాళ్లని దేశంలోకి రానివ్వొద్దనే వాదించేది.

ఈ మాట పడింది మనవాళ్లొక్కరే కాదు. ఇటలీ నుంచి వచ్చిన కూలీలనీ చులకనగానే చూసేవాళ్లు. 1891లో న్యూ ఆర్లీన్స్‌లో ఒక గుంపు జైల్లోకి దూరి 11 మంది ఇటలీ వాళ్లని చంపేసింది.

అలాంటివాళ్లు 1912 జనవరిలో లారెన్స్ బట్టల మిల్లుల్లో ఏం చేశారో చూడండి. కొత్త చట్టం వారానికి పని 56 గంటల నుంచి 54కి తగ్గించింది. యజమానులు ఆ మేరకు జీతం కోసేశారు. కవర్లు తెరిచి చూసుకున్న పోలండ్ ఆడవాళ్లు ముందు మగ్గాలు ఆపేశారు. మర్నాడు ఇటలీ వాళ్లు కదిలారు. చూస్తుండగానే 20,000 మందికి పైగా రోడ్డు మీదికొచ్చారు. పాతిక దాకా దేశాలవాళ్లు, ఒకరి భాష ఇంకొకరికి రాదు. అందుకే ప్రతి జాతి నుంచీ కమిటీలోకి మనుషుల్ని తీసుకున్నారు, ప్రతి మాటా అందరి భాషల్లోకి చెప్పించారు. నాయకులు జోసెఫ్ ఎట్టర్, ఆర్టురో జొవానిట్టి. సమ్మెలో ఒక కార్మికురాలు తుపాకీ గుండుకి చనిపోతే, ఆ చోటులో లేని ఈ ఇద్దరి మీద కేసు పెట్టారు. నవంబరులో నిర్దోషులుగా బయటికొచ్చారు. అప్పటికే, మార్చిలోనే, యజమానులు జీతాలు పెంచక తప్పలేదు.

ఈ సమ్మె నడిపిన సంఘం ఐ.డబ్ల్యూ.డబ్ల్యూ. రంగు, దేశం చూడకుండా అందర్నీ చేర్చుకునేది. దాని ఒక శాఖకి ఆ ఏడాదే కార్యదర్శి అయింది ఎవరో కాదు, మన లాలా హర్‌దయాళ్. మరుసటి ఏడు ఆస్టోరియాలో ఫిన్లాండ్ కార్మికుల సోషలిస్టు హాల్లో భారతీయ మిల్లు కూలీలు సమావేశమయ్యారు. అక్కడ మొలకెత్తిందే గదర్ పార్టీ. చెంచయ్య అందులో చేరి, తర్వాత ఏళ్ల తరబడి జైల్లో ఉన్నారు.

ఆ తర్వాత దారులు విడిపోయాయి. ఇటలీ నుంచి వచ్చిన సాకో, వాంజెట్టి అనే ఇద్దరు అనార్కిస్టుల్ని 1927లో కరెంటు కుర్చీలో చంపినా, మెల్లమెల్లగా ఇటలీ వాళ్లకి తెల్లవాళ్ల పంక్తిలో విస్తరి వేశారు. మనవాళ్లకి మాత్రం 1923లో సుప్రీంకోర్టు, భగత్ సింగ్ థిండ్ కేసులో, ‘మీరు తెల్లవాళ్లు కారు’ అని తేల్చి పౌరసత్వం తలుపు మూసేసింది. అది మళ్లీ తెరుచుకుంది 1946లో.

ఇప్పుడు హెచ్1బీ గొడవ వచ్చిన ప్రతిసారీ మా వాట్సాప్ గ్రూపులు మండిపోతాయి. కష్టపడి చదువుకున్నోళ్లని పని దొంగలంటారా అని. కోపం న్యాయమే. కానీ ఆ గ్రూపుల్లోనే నాయుడుపేట, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీల మాటొస్తే, ‘ఈ బీహారోళ్లు, ఒడిశావోళ్లు దిగాకే మనోళ్లకి రేటు పడిపోయింది’ అంటారు. బెల్లింగ్‌హామ్ మాటే, తెలుగులో.

రేటు తగ్గించింది ఎవరు? రెండు వేల కిలోమీటర్లు రైల్లో నిలబడి వచ్చిన కుర్రాడా, అతన్ని రప్పించిన కాంట్రాక్టరా? లారెన్స్‌లో వాళ్లు ఈ లెక్క తేల్చుకున్నది పక్కవాడి జీతం కవరు కూడా చూశాకే. మరి మన పక్క లైన్లో నిలబడిన ఆ ఒడిశా కుర్రాడికి నెలకి చేతికి ఎంతొస్తుందో, మనలో ఎంతమందిమి అడిగాం?