వైఫై పెట్టె యే గదిలో నుండవలెను?

శ్రీముఖలింగమున మా యిల్లు వీధినుండి పెరటివరకు నొకే వరుసగా సాగిన పాతకాలపు టిల్లు. ముందు వీధిగది, దాని వెనుక నడవ, తరువాత పడకగది, చిట్టచివర వంటయిల్లు. గోడలు రెండడుగుల మందము. ఇంటర్నెట్టు తీగ బిగింప వచ్చిన యబ్బాయి, తీగ తక్కువ పట్టునని, పెట్టెను వీధిగది తలుపు ప్రక్కనే గోడకు తగిలించి వెడలిపోయెను. మావారు పాఠశాలనుండి వచ్చి కూర్చుండునది యా గదిలోనే గనుక రెండేండ్లవరకు దానియందు లోపమున్నదని వారికి తోచలేదు.

మాకు మాత్రము ప్రతిదినమును తోచుచుండెను. వంటయింట ఫోను తీసినచో గుండ్రని గుర్తు తిరుగుచునే యుండును. అత్తగారు హైదరాబాదులోని మా మరిదితో మొగము చూచుచు మాటలాడవలెనన్న వీధిగదికి పోయి, మావారి స్నేహితుల యెదుట మాటలాడవలెను. “నా కొడుకుతో నా మాటలు వీధికంతకు నెందుకమ్మా?” అని యామె యా ఫోను ముట్టుటయే మానిరి. తుదకు మా పెద్దమ్మాయి వెనుకగదిలో ప్రవేశపరీక్షకు నమూనాపరీక్ష వ్రాయుచుండగా నడుమ సంబంధము తెగెను. మరల కుదురునప్పటికి కాలము ముగిసెను. పిల్ల యేడ్చుచుండగా వీధిగదిలో పెట్టెమీది దీపములన్నియు పచ్చగానే వెలుగుచుండెను.

మావారు నెలసరి రుసుము పెంచి వేగము పెంచుదమనిరి. మేము ఫోను చేతబట్టి, పెట్టెయొద్దను, వంటయింటను వేగము కొలిచి చూపితిమి. అచ్చట ఎనుబది మెగాబిట్లు, ఇచ్చట నాలుగు! ఇంటిలోనికి వచ్చు నీరు చాలక కాదు. కుళాయి తప్పుచోట నున్నది.

ఈ భేద మెరుగుట ముఖ్యము. వీధినుండి యింటివరకు వచ్చునది గాజుపోగులో నడచు వెలుగు. మన రాష్ట్రమున ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి. నాడు నెలకు 149 రూపాయలనుండి రుసుములు మొదలయ్యెను. కరెంటు స్తంభముల మీదుగానే యా తీగలు పల్లెలకు సాగెను. తీగ తెచ్చిన దానిని గదులకు పంచునది రేడియో తరంగము. దానికి గోడయే శత్రువు. ఆ తరంగములు సాధారణముగా రెండు విధములు: 2.4 గిగాహెర్ట్జులది నిదానము, కాని గోడలను కొంత దాటును. 5 గిగాహెర్ట్జులది వేగము, కాని మందపు గోడయొద్ద చతికిలబడును. రెండును గల పెట్టెనే కొనవలెను. మైక్రోవేవ్ పొయ్యి 2.4 తరంగములతోనే పనిచేయును గనుక దాని ప్రక్కను, ఇనుప బీరువా వెనుకను, నీళ్ల డ్రమ్ము చాటునను పెట్టె నుంచరాదు.

శ్రీకాకుళమున దుకాణదారు డొక పెట్టెపై 1200 అను నంకె చూపి మురిసెను. అది యొక తరంగముయొక్క 300ను, రెండవదాని 867ను కలిపి పైకి సవరించిన మొత్తము. ఏ యొక్క ఫోనునకును అంత వేగము రాదు. పైగా వెనుకనున్న తీగరంధ్రములు నూరు మెగాబిట్లవే యైనచో తీగనుండి వచ్చునది నూటికి మించదు. అట్టలపై అంకెలు చదువుట మన యాడువారికి కొత్త కాదు. నూనె డబ్బాపై చిన్నయక్షరములు చదివినట్లే దీనిని చదువవలెను. శివరాత్రికి చుట్టములు వచ్చినపుడు మా యింట పదునాలుగు ఫోను లుండును. అట్టి యింటికి వేగముకంటె పలువురిని ఒకేసారి ఓర్చుకొను శక్తి ముఖ్యము. అందులకు వైఫై 6 అను తరము మేలు.

అతడే సిగ్నలును పెంచు రిపీటరును చూపెను. చౌకయే. కాని యది ఒకే తరంగముపై వినుచు, మరల చెప్పుచు నుండుటచే వేగము సగము వరకు తగ్గును. మేము దానిని మాని, వీధిగది పెట్టెనుండి నడవవరకు చూరు వెంబడి తీగ లాగించి, అచ్చట రెండవ రౌటరు నుంచితిమి. ఆ తీగ నూరు మీటర్లవరకు చక్కగా పనిచేయును. పెట్టెను తలయెత్తు మించి, కొమ్ములు నిలువుగా నుంచితిమి.

కరెంటు సంగతి మరువరాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జిల్లాను తాకినపుడు పల్లె లెన్నియో దినములకొలది చీకటిలో నుండెను. అంతటి విపత్తున కే పెట్టెయు నిలువదు. కాని ప్రతిసాయంకాలము పోవు గంటసేపు కరెంటునకు చిన్న యూపీఎస్ చాలును. రెండు పెట్టెలకును చెరియొకటి యుండవలెను. మేము మొదట నొకటే కొని నవ్వులపాలైతిమి. ఉరుములనాడు మాత్రము ప్లగ్గులు తీసివేయుట మంచిది.

చుట్టములకు వేరు పేరుతో అతిథి వైఫై నమర్చి దాని రహస్యపదము చెప్పుదుము, ఇంటివారిది చెప్పము. పెట్టెతో వచ్చిన తాళపుమాటను మొదటిరోజే మార్చివేయవలెను. రక్షణ విధానము డబ్ల్యూపీఏ2 గాని, 3 గాని యుండవలెను.

ఇపుడు రాత్రి యేడుగంటలకు అత్తగారు నడవలో పీట వేసికొని మా మరిదితో మాటలాడుదురు. ఆ సందడి ముగిసిన పిదప, ఎనిమిదింటికి, మా పెద్దమ్మాయి వెనుకగదిలో పరీక్ష వ్రాయుటకు కూర్చుండును.