పేరుకు ముందు తోక

బిరుదుల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్‌గారు, గురువారం సాయంత్రంలోగా. సినిమా స్టార్ల ఫొటోలు కూడా తీయించి పెట్టారు. నాకేమో ఆ బిరుదుల మీద మొదట్నుంచీ గురి తక్కువ. అభిమానులు తగిలించేవి సరే, అడక్కుండానే మామూలు మనుషుల పేర్ల ముందు చేరేవాటి మాటేమిటని పెళ్లికార్డులు ముందేసుకున్నాను.

చరిత్ర గబగబా: రుద్రమదేవి రాయగజకేసరి. శ్రీనాథుడు కవిసార్వభౌముడు. అల్లసాని పెద్దన ఆంధ్రకవితా పితామహుడు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను నిరసిస్తూ తుపాకీకి గుండె చూపిన టంగుటూరి ప్రకాశం ఆంధ్రకేసరి. 1988 నాటి ‘మరణమృదంగం’తో సుప్రీం హీరో చిరంజీవి మెగాస్టార్. ఇక కార్డు దగ్గరికి వద్దాం.

వరుడు ‘చి.’, వధువు ‘చి.ల.సౌ.’. అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. తాళి ఇంకా పడనే లేదు, సౌభాగ్యం అప్పుడే పేరు ముందుకొచ్చి కూర్చుంది. వరుడికి తన ఆయుష్షు చాలు, వధువుకు తనదీ కావాలి, అతనిదీ కావాలి. పెద్దల దీవెన కదా, నాకిది ఇష్టమే.

నచ్చనిది పాత కార్డుల్లో, ఆహ్వానించే పెద్దల పేర్ల దగ్గర కనిపిస్తుంది. తాత పోతే ఆయన ‘కీ.శే.’. మిగిలిన బామ్మ ‘గం.భా.స.’, గంగాభాగీరథీ సమానురాలు. వినడానికి ఎంత పవిత్రం! కార్డు అందుకున్న ఊరందరికీ అది చెప్పేది మాత్రం ఒక్కటే: ఈమెకు భర్త లేడు. అదే బామ్మ ముందు పోతే తాత నిక్షేపంగా ‘శ్రీ’గానే ఉండేవాడు. భార్య పోయిన మగవాణ్ని మనవాళ్లు ఏ నదితోనూ పోల్చలేదు. 2023 ఏప్రిల్‌లో మహారాష్ట్ర మంత్రి ఒకరు వితంతువులను ‘గంగా భాగీరథి’ అందామని ప్రతిపాదిస్తే దుమారం లేచింది.

కార్డుల షాపులో డీటీపీ చేసే కుర్రాణ్ని అడిగాను. “గంభాసనా? అదేంటి సార్?” అన్నాడు. తెర మీద ఆరోజు మ్యాటర్ చూపించాడు. ఒకే వరుసలో ‘శ్రీమతి’ అమ్మ, ‘కీ.శే.’ నాన్న. ఏ జీవో రాలేదు, ఏ సభా తీర్మానించలేదు. ఇళ్లలో ప్రూఫు దిద్దే చేతులే ఆ మూడక్షరాలనూ వదిలేశాయి.

సంతోషమే. అయితే కార్డు మీద శ్రీమతి అయిన ఆ తల్లి, కన్యాదానం వేళకు చాలాచోట్ల ఇంకా పక్కనే నిలబడుతోంది. పీటల మీద బాబాయి, పిన్ని కూర్చుంటున్నారు. అచ్చులో దిద్దినంత తేలిగ్గా మండపంలో దిద్దలేకపోతున్నాం.

■ ఏ వెంకటేశ్వర్లు?
ఊళ్లో ముగ్గురుంటే కరెంటు వెంకటేశ్వర్లు, పాల వెంకటేశ్వర్లు, మిలటరీ వెంకటేశ్వర్లు. గేదెలు అమ్మేసి ఇరవై ఏళ్లయినా ‘పాల’ పోదు. ‘పొట్టి’, ‘నత్తి’ లాంటివైతే అనేవాళ్లకు ఆనవాలు, పడేవాళ్లకు ములుకు.

■ పద్మం ఎక్కడ పెట్టాలి?
సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం బిరుదులివ్వరాదన్నది రాజ్యాంగం 18వ అధికరణ. పద్మ పురస్కారాలు బిరుదులు కావని, వాటిని పేరుకు ముందూ వెనకా తగిలించుకోరాదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఫ్లెక్సీలు ఆ తీర్పు చదివినట్టు లేవు.